మేక పోతే ఎస్పీ వస్తాడా?

తమ్ముడూ,

నీ కథలు రెండూ చదివాను. భాష బాగుంది. కానీ మేక దొంగతనానికి జిల్లా ఎస్పీని పల్లె స్టేషన్‌కి రప్పించావు చూడు, అక్కడ ఆగిపోయాను. మేక పోతే ఎస్సై దాకా వెళ్లడమే గొప్ప. చాలాసార్లు హెడ్ కానిస్టేబుల్ దగ్గరే తేలిపోతుంది. ఎస్సై మీద సీఐ, సీఐల మీద సబ్‌డివిజన్‌కి డీఎస్పీ, ఆ పైన అదనపు ఎస్పీ, ఎస్పీ. ఊరు ఎస్పీ కింద కాక పోలీస్ కమిషనర్ కింద, అంటే కమిషనరేట్‌లో ఉంటే డీఎస్పీ ఉండడు, ఏసీపీ ఉంటాడు. హైదరాబాద్ కథలో నేనే ఓసారి డీఎస్పీని పెట్టాను. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన కార్డు ముక్క రాశాడు: "ఈ డీఎస్పీ గారిని ఎప్పుడు బదిలీ చేశారండీ?" ఇప్పటికీ సిగ్గే.

జైలు నుంచి కోర్టుకు ఎస్కార్టుగా వచ్చిన కానిస్టేబుల్ దారిలో కేసంతా చెప్పేస్తాడన్నావు. వాళ్లు ఏఆర్ వాళ్లు, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్. జిల్లా హెడ్‌క్వార్టర్స్ నుంచి వస్తారు, కేసుతో పని లేదు. వాళ్ల దిగులంతా మనిషిని భద్రంగా తిరిగి అప్పజెప్పడమే.

రెండో కథలో దళిత కుటుంబం మీద దాడిని ఎస్సై దర్యాప్తు చేశాడు. అట్రాసిటీ కేసు, అంటే ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టే కేసు, డీఎస్పీకి తగ్గనివాళ్లే చూడాలని ఆ చట్టం 1995 నాటి నియమాలు చెబుతున్నాయి. దీన్ని పొరపాటుగా దిద్దుకుని ఊరుకోకు. కేసు ఎస్సై చేయి దాటిపోయింది, ఊళ్లో ఎవరు ఎవరికి భయపడతారో తెలిసింది మాత్రం అతనికే. కథ అక్కడుంది.

ఓ రోజు స్టేషన్‌లో ఫిర్యాదులు, కాగితాలు రాసే రైటర్ బల్ల పక్కన కూర్చో. అవును, అక్కడ మనకన్నా ముందే ఒక రైటరున్నాడు! ముసలమ్మ ఏడుస్తూ "వాడు నన్ను నూకేశాడయ్యా" అంటుంది. ఆయన తలెత్తకుండా "సదరు ముద్దాయి ఫిర్యాదిని చేతులతో నెట్టగా" అని రాస్తాడు. ఆ రెండు వాక్యాలూ నీ నోటుబుక్కులో పక్కపక్కన ఉండాలి.

పని కాక ఆమె సోమవారం బస్సెక్కి ఎస్పీ గారు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి పోతుంది. 2022లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాక చాలామందికి ఆ ప్రయాణం కాస్త తగ్గిందిలే. ఎస్పీ శ్రద్ధగానే వింటాడు, అర్జీ మూల రెండు ముక్కలు రాసి సంతకం పెడతాడు. కాగితం డీఎస్పీకి, అక్కణ్నుంచి సీఐకి, చివరికి అదే రైటర్ బల్ల మీదికి దిగుతుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఏం పెద్దమ్మా, ఎస్పీ గారి దాకా వెళ్లావంట?" అంటాడు.

ఆమె ఏమంటుందో రాసి పంపు.

మీ అన్నయ్య