ఈనిన బర్రె దాణా ముట్టడం లేదు, బెల్లం తాపితే సరిపోతుందా?

ప్రశ్న: మా ముర్రా బర్రె ఈని మూడు వారాలైంది. చూడి మీద బాగా బలిసింది. ఇప్పుడు దాణా ముట్టడం లేదు, వరిగడ్డి మాత్రం కొరుకుతోంది. పాలు సగానికి పడిపోయాయి, నోటి నుంచి అదోరకం తియ్యటి వాసన వస్తోంది. రోజూ బెల్లం తాపుతున్నా గుణం లేదు. ఏం చేయాలి?
– ఒక పాడి రైతు, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: దాణా వదిలేసి గడ్డి తినడం, తియ్యటి వాసన – ఈ రెండూ కలిశాయంటే ముందుగా కీటోసిస్‌నే అనుమానించాలి. ఒంట్లో కొవ్వు అతిగా కరిగి, కీటోన్లనే పదార్థాలు రక్తంలో పేరుకునే రోగమిది. మూత్రంలో కీటోన్లను పట్టే రోథెరా పరీక్ష చేయించండి. ఊదారంగు తిరిగితే రోగం అదే.

ఈనిన కొత్తలో పాలలోని చక్కెర తయారీకి గ్లూకోజ్ చాలా కావాలి. తిన్న మేత అందుకు చాలదు. దాంతో ఇన్సులిన్ తగ్గి, ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అక్కడి కణాల్లో శక్తి తయారుచేసే భాగమైన మైటోకాండ్రియా పొర మీద సీపీటీ–1 అనే ఎంజైమ్ ఉంటుంది. కొవ్వు ఆమ్లాలకు అది గేటు. మేత బాగా అందే రోజుల్లో మలోనిల్ కో–ఎ అనే పదార్థం దాన్ని బిగించి ఉంచుతుంది. ఇన్సులిన్ పడిపోతే మలోనిల్ కో–ఎ కూడా తగ్గుతుంది, గేటు బార్లా తెరుచుకుంటుంది. లోపలి ఎంజైములు కొవ్వు ఆమ్లాన్ని రెండేసి కార్బన్ల చొప్పున తెంచుతాయి. 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం 7 చుట్లలో 8 ఎసిటైల్ కో–ఎ ముక్కలవుతుంది. ఆ ముక్కలు పూర్తిగా ఖర్చు కావాలంటే ఆక్సలోఎసిటేట్ అనే పదార్థం తోడుండాలి. అదేమో గ్లూకోజ్ తయారీకే పోతోంది. అందుకే ఆ ముక్కలు కీటోన్లుగా మారుతున్నాయి. మీకు వచ్చే వాసన వాటిదే.

బెల్లం ఇక ఆపండి. అది రక్తంలోకి గ్లూకోజ్‌గా చేరదు, మొదటి పొట్టలోని సూక్ష్మజీవులే పులియబెట్టేస్తాయి. ఎక్కువైతే పొట్ట పులిసి, తినే ఆ కాస్త గడ్డీ మానేస్తుంది. మంచి మనసుతోనే తాపుతున్నారు, కానీ దానివల్ల రోజులు గడిచిపోతున్నాయి.

వెంటనే 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువైద్యశాలకు వెళ్లండి. డాక్టర్ 50 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) 500 మి.లీ. నరానికి ఎక్కిస్తారు. తర్వాత ప్రొపైలిన్ గ్లైకాల్ రోజుకు 300 మి.లీ. చొప్పున 3 నుంచి 5 రోజులు తాపమంటారు. కాలేయం దాన్ని నేరుగా గ్లూకోజ్‌గా మార్చుకుంటుంది. తాపేటప్పుడు తల మరీ పైకెత్తకండి, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరం, గర్భసంచి వాపు ఉన్నాయేమో కూడా చూపించండి. వాటివల్ల మేత తగ్గినా కీటోసిస్ వస్తుంది.

వచ్చే ఈతకు చూడి బర్రెను మరీ బలియనివ్వకండి. ఈనే ముందు చిక్కాలని కడుపు మాడ్చకండి కూడా, అప్పుడూ కొవ్వు ఇలాగే కరుగుతుంది. ఈనాక దాణా ఒక్కసారిగా కాకుండా రోజు రోజుకూ కొంచెం కొంచెం పెంచండి.