ఏ క్రాకర్ ఎక్కువ ఉప్పగా ఉంటుంది? నాలుక మాట ఒకటి, ప్యాకెట్ మాట ఇంకొకటి

రిట్జ్, సాల్టీన్, చీజ్-ఇట్, గోల్డ్‌ఫిష్, ట్రిస్కిట్ లాంటి క్రాకర్లలో (పల్చగా కరకరలాడే ఉప్పు బిస్కెట్లలో) దేని రుచి బాగుంటుంది, ఏది ఎక్కువ ఉప్పగా ఉంటుంది, ఉప్పు తగ్గించాల్సినవాళ్ళు ఇంట్లో ఉంటే ఏది కొనాలి అని అడిగారు. ఈ ప్రశ్నతో నేను చాలా రోజులు కుస్తీ పట్టాను. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ముందు సూటిగా జవాబు. నాలుకకు అన్నిటికన్నా ఉప్పగా తగిలేది సాల్టీన్. రిట్జ్ తియ్యగా, వెన్నగా అనిపిస్తుంది కాబట్టి అందులో ఉప్పు తక్కువ అనుకుంటాం. కానీ బరువును బట్టి లెక్కేస్తే రెంటికీ పెద్ద తేడా లేదు. నిజంగా తక్కువ ఉన్నది వీటిలో ట్రిస్కిట్.

నాకు ఇది తెలిసింది మా నాన్నగారి వల్ల. ఆయనకు బీపీ ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పారు. అప్పటిదాకా సాయంత్రం పూట నాలుగైదు సాల్టీన్లు తినేవారు. పైన ఉప్పు పలుకులు కళ్ళకు కనిపిస్తూనే ఉంటాయి కదా, నేను భయపడి అవి మానిపించి రిట్జ్ తెచ్చాను. ఆయనా బాగున్నాయన్నారు. ఎంత బాగున్నాయంటే, ఐదు తినే మనిషి పది తినడం మొదలుపెట్టారు. రెండు నెలల తర్వాత ఒకరోజు రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి వెనక ఉన్న పట్టిక చదివాను. ప్యాకెట్ల మీద ఉప్పు లెక్కను సోడియంగా, అంటే ఉప్పులో ఉండే పదార్థంగా చూపిస్తారు. ఐదు సాల్టీన్లలో 135 మిల్లీగ్రాముల సోడియం ఉంది. ఐదు రిట్జ్‌లలో 130. అంటే నేను మేలు చేశాననుకుంటూ ఆయన తినే సోడియాన్ని దాదాపు రెట్టింపు చేశాను. ఆ రోజు చాలా బాధపడ్డాను. అప్పటినుంచి ఏ ప్యాకెట్ కొన్నా వెనక చదవకుండా కొనను.

చదవడంలోనూ ఒక చిక్కుంది. అమెరికా లేబుళ్ళలో సోడియం 'ఒక సర్వింగ్‌కి ఇంత' అని రాస్తారు. సర్వింగ్ అంటే ఒకసారి తినే మోతాదు. ఆ సర్వింగ్ అన్ని క్రాకర్లకూ ఒకటి కాదు. రిట్జ్‌కి ఐదు క్రాకర్లు, అంటే 16 గ్రాములు. గోల్డ్‌ఫిష్‌కి 55 చేపలు (చేప ఆకారంలో ఉండే చిన్న క్రాకర్లు), అంటే 30 గ్రాములు. గోల్డ్‌ఫిష్ మీద 250 అని, రిట్జ్ మీద 130 అని చూడగానే గోల్డ్‌ఫిష్‌లో రెట్టింపు ఉప్పు అనిపిస్తుంది. గ్రాముతో భాగిస్తే రెండూ ఎనిమిది మిల్లీగ్రాముల దగ్గరే తేలతాయి. మా ఇంట్లో ఉన్న ప్యాకెట్లను ఇలాగే లెక్కేశాను. చీజ్-ఇట్ కూడా ఎనిమిదికి కాస్త అటూ ఇటూ, సాల్టీన్ తొమ్మిది దగ్గర, ట్రిస్కిట్ ఆరుకి లోపు. ఇవి నేను కొన్న ప్యాకెట్ల లెక్కలు. ఒకే బ్రాండ్ పాళ్ళు దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. మీ చేతిలో ఉన్న ప్యాకెట్‌నే నమ్మండి.

యూరప్ ప్యాకెట్ల మీద సోడియానికి బదులు ఉప్పు అనే రాస్తారు, అదీ 100 గ్రాములకు. పోల్చుకోవడానికి నిజానికి అదే సులువు. రెండు రకాల ప్యాకెట్లు చేతికొస్తే సోడియాన్ని రెండున్నరతో గుణించండి, ఉప్పు లెక్క వస్తుంది. పెద్దవాళ్ళు రోజుకు తీసుకునే ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే సోడియం 2000 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన పది రిట్జ్‌లు తింటే రోజు మొత్తానికి ఉన్న వాటాలో ఎనిమిదో వంతు అయిపోయినట్టే. పది క్రాకర్లు తినడానికి ఎంతసేపు పడుతుంది?

మరి లోపల అంత దగ్గరగా ఉన్నప్పుడు నోటికి ఇంత తేడా ఎందుకు? నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకున్న సంగతి ఇదే. ఉప్పు ఎంత ఉందన్నది ఒక ఎత్తు, ఎక్కడ ఉందన్నది ఇంకో ఎత్తు. సాల్టీన్‌కి ఉప్పు పలుకులు పైనే ఉంటాయి. నోట్లో పెట్టగానే లాలాజలంలో కరిగి నాలుకను నేరుగా తాకుతాయి. పిండిలో కలిసిపోయిన ఉప్పు అలా కాదు. నమిలి మెత్తబడితేగానీ బయటికి రాదు. అది పూర్తిగా బయటికి వచ్చేలోపే మనం మింగేస్తాం. కాబట్టి పిండిలోని ఉప్పులో కొంత మనకు రుచి తెలియకుండానే కడుపులోకి పోతుంది.

రిట్జ్‌కీ పైన ఉప్పు ఉంటుంది. కానీ కాల్చి తీశాక పైన నూనె చల్లుతారు, పిండిలో చక్కెర ఉంటుంది. నూనె నాలుక మీద పల్చటి పొరలా పరుచుకుంటుంది. తీపి ఉప్పదనాన్ని అణచిపెడుతుంది. ఉప్పు అక్కడే ఉన్నా దాని గొంతు వినిపించదు.

ఇంకొకటి వంటసోడా. క్రాకర్లు గుల్లగా పొంగడానికి అది కావాలి, అందులోనూ సోడియం ఉంది. బరువులో నాలుగో వంతు పైనే సోడియం ఉన్నా, ఉప్పులాగా ఉప్పగా ఉండదు. లేబుల్ మీద కనిపించి నాలుకకు తెలియని సోడియం అది. పైన ఉప్పు చల్లని సాల్టీన్లు దొరుకుతాయి చూడండి, వాటిని సోడియం లేనివి అనుకోకండి. పిండిలోని ఉప్పు, సోడా ఎక్కడికీ పోలేదు.

ఇదంతా చదివాక నమ్మకం కుదరక ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టాం. నాన్నగారు, మా చెల్లి, నేను. కళ్ళు మూసుకుని ఒక్కొక్క క్రాకర్ తినడం, మధ్యలో మంచినీళ్ళతో నోరు పుక్కిలించడం. పుక్కిలించకపోతే ఈ పోలిక పనికిరాదు. మొదటి క్రాకర్ ఉప్పదనం మూడోదాన్ని కప్పేస్తుంది, ఐదోదానికి వచ్చేసరికి నాలుక ఉప్పుకు అలవాటుపడిపోతుంది. చాలామంది 'ఫలానాది ఉప్పు తక్కువ' అనడానికి అది రెండోదిగా తినడమే కారణమేమో అని నాకు అనుమానం.

ముగ్గురమూ సాల్టీన్‌కే మొదటి స్థానం ఇచ్చాం. తర్వాత గోల్డ్‌ఫిష్, చీజ్-ఇట్, ఆపైన రిట్జ్, చివర ట్రిస్కిట్. మర్నాడు అవే క్రాకర్లను విడివిడిగా మెత్తగా పొడి చేసి, అర చెంచా చొప్పున తిని చూశాం. వరుస మారిపోయింది! పొడి చేసేసరికి సాల్టీన్ మీది ఉప్పు పిండిలో కలిసిపోయి ఆ మొదటి చురుకు తగ్గింది. చీజ్ క్రాకర్లు ముందుకొచ్చాయి. రిట్జ్ సాల్టీన్ పక్కకు వచ్చి నిలబడింది. లేబుల్ చెప్పిన మాట నాలుకకు అప్పుడు అందింది. మా చెల్లి అయితే రెండు గిన్నెలూ మార్చేశానేమోనని మళ్ళీ అడిగింది. మీరూ ఒకసారి చేసి చూడండి, పది నిమిషాల పని.

ఇక రుచి సంగతి. ఇది పూర్తిగా నా అభిప్రాయం.

నా ఓటు సాల్టీన్‌కే. దాని వెనక పనితనం తెలిశాక ఇష్టం ఇంకా పెరిగింది. పిండిని ఈస్ట్‌తో గంటల తరబడి పులియబెడతారు, తర్వాత సోడా కలిపి ఆ పులుపును సరిచేసి మళ్ళీ నాననిస్తారు. పొరలు పొరలుగా మడిచి ఒత్తుతారు. పైన కనిపించే చిన్న చిన్న చిల్లులు అందానికి కావు. ఆవిరి బయటికి పోయి, క్రాకర్ పూరీలా ఒకేచోట ఉబ్బకుండా ఉండటానికి అవి. ఇంత చేశాక వచ్చే రుచి చాలా సాదాగా ఉంటుంది. కాల్చిన పిండి వాసన, చివర్లో పులిసిన పిండి తాలూకు చిన్న పులుపు, పైన ఉప్పు. దాని మీద ఏం పెట్టినా పెట్టినదాని రుచి తెలుస్తుంది. సూప్‌లోకి దీన్ని మించినది లేదు. విడిగా తింటే మాత్రం నోరు ఎండిపోతుంది, అది ఒప్పుకోవాలి.

రిట్జ్ 1934లో వచ్చింది. సాల్టీన్‌కి పూర్తిగా ఎదురు. ఈస్ట్ లేదు, నూనె ఎక్కువ, పంటికింద పడగానే పొడిపొడిగా కరిగిపోతుంది. వెన్న రుచి ఉంటుంది కానీ మామూలు రిట్జ్ పదార్థాల జాబితాలో వెన్న కనిపించదు, ఉండేది నూనే. విడిగా తినడానికి చాలా బాగుంటుంది. నా ఫిర్యాదు ఒక్కటే, ఎక్కడ ఆపాలో నోరు చెప్పదు. సాల్టీన్ ఐదోదానికి దాహం వేసి ఆపుతాం. రిట్జ్‌కి ఆ కంచె లేదు. పైన చీజ్ ముక్క పెట్టుకుంటే ఆ చీజ్‌లోని ఉప్పూ కలుస్తుందని మర్చిపోవద్దు.

చీజ్-ఇట్, గోల్డ్‌ఫిష్ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. చీజ్-ఇట్ 1921 నుంచి ఉంది. అంచులు కాస్త ఎక్కువ కాలి, అక్కడ మాడిన చీజ్ రుచి వస్తుంది. నాకు ఆ అంచే ఇష్టం. గోల్డ్‌ఫిష్ స్విట్జర్లాండ్‌లో 1958లో పుట్టి, 1962లో అమెరికాకు వెళ్ళింది. అది తేలిక, లోపల బోలు, చీజ్ రుచి కూడా మెత్తన. చీజ్‌లో సహజంగా ఉండే కమ్మటి రుచి ఉప్పదనాన్ని పెంచి చూపిస్తుంది కాబట్టి ఈ రెండూ ఉన్న ఉప్పుకన్నా ఎక్కువ ఉప్పగా అనిపిస్తాయి. పిల్లలకు పెట్టేటప్పుడు మాత్రం గిన్నెలో పోసి ఇవ్వండి. 55 చేపలు అంటే వినడానికి చాలా అనిపిస్తాయి, చెయ్యి నేరుగా ప్యాకెట్‌లోకి పోతే అవి ఎప్పుడైపోయాయో తెలియదు.

ట్రిస్కిట్ మొదటిసారి తిన్నప్పుడు నాకు నచ్చలేదు. గోధుమ గింజను పూర్తిగా ఉడికించి, దారాల్లా లాగి అల్లినట్టు ఉంటుంది. మామూలు రకంలో ఉండేవి మూడే మూడు: గోధుమ, నూనె, ఉప్పు. సోడా లేదు, చక్కెర లేదు. గట్టిగా నమలాలి. నమిలేకొద్దీ వేయించిన గోధుమ రుచి మెల్లగా వస్తుంది. ఒక వారం తిన్నాక దాని విలువ తెలిసింది. ఉప్పు ఇంకా తగ్గించిన రకం కూడా వస్తుంది. కాకపోతే అది విడిగా చప్పగా ఉంటుంది, పైన టమాటా ముక్క, కాస్త మిరియాల పొడి ఉంటే బాగుంటుంది.

టక్ అనే ఇంకో క్రాకర్ గురించి ఒక్క మాట: రిట్జ్ నచ్చినవాళ్ళకి అదీ నచ్చుతుంది, నాకు ఉప్పు కొంచెం ఎక్కువనిపించింది. క్రీమ్ క్రాకర్లు 1885 ప్రాంతంలో డబ్లిన్‌లో జేకబ్స్ వాళ్ళు మొదలుపెట్టినవి. పేరులో క్రీమ్ ఉన్నా అందులో క్రీమ్ ఉండదు. పైన ఉప్పు పలుకులు ఉండవు కాబట్టి చప్పగా అనిపిస్తాయి. ఇక్కడా అదే జాగ్రత్త, చప్పగా ఉంది కదా అని ఉప్పు లేదనుకోకండి, వెనక చదవండి.

రుచి పోల్చేముందు ప్యాకెట్ తాజాగా ఉందో లేదో కూడా చూసుకోండి. తెరిచి రెండు రోజులు గాలికి వదిలేస్తే క్రాకర్ తేమ పీల్చి మెత్తబడుతుంది, అప్పుడు ఏ బ్రాండైనా అట్ట నమిలినట్టే ఉంటుంది. మెత్తబడినవాటిని ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లారనిస్తే మళ్ళీ కరకరలాడతాయి. వేడి మీద తిని 'ఇంకా మెత్తగానే ఉన్నాయి' అనుకోవద్దు, చల్లారాకే గట్టిపడతాయి. పాతబడ్డ నూనె వాసన వస్తే మాత్రం పారెయ్యండి, దాన్ని ఏ ఓవెనూ బాగుచెయ్యదు.

మీ ఇంట్లో ఉప్పు తగ్గించాల్సినవాళ్ళు ట్రిస్కిట్‌కి అలవాటుపడగలిగితే అదే కొనండి. మా నాన్నగారు పడలేకపోయారు, గట్టిగా నమలడం ఆయన పళ్ళకు కష్టం. అందుకని మళ్ళీ సాల్టీన్‌కే వచ్చాం. ఇప్పుడు చిన్న పళ్ళెంలో మూడు పెట్టి, ప్యాకెట్ మూసేసి లోపల పెట్టేస్తాను. ఆయన వాటిని తిరగేసి, ఉప్పున్న వైపు నాలుకకు తగిలేలా తింటారు. అలా తింటే మూడింటికే తృప్తిగా ఉందంటున్నారు.