హెక్స్‌డంప్‌లో బైట్లు తారుమారుగా ఎందుకు కనిపిస్తాయి?

ఫైల్‌లో బైట్లు సరైన వరుసలోనే ఉంటాయి. హెక్స్‌డంప్ అంటే ఫైల్‌లోని బైట్లను హెక్సాడెసిమల్ (16 ఆధారం) అంకెల్లో చూపించే కమాండ్. ఆప్షన్ ఏదీ ఇవ్వకపోతే అది వాటిని రెండేసి కలిపి ఒక 16 బిట్ల సంఖ్యగా చూపిస్తుంది, అందుకే తిరగబడినట్టు ఉంటుంది. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లు లిటిల్ ఎండియన్ పద్ధతివి: జంటలో మొదటి బైట్ చిన్న స్థానం, రెండోది పెద్ద స్థానం. సంఖ్య రాసేటప్పుడు పెద్ద స్థానమే ముందు రాస్తాం కదా!

1234 అని మాత్రమే ఉన్న టెక్స్ట్ ఫైల్ తీసుకోండి. ఆ నాలుగు అక్షరాల బైట్లు హెక్స్‌లో 31 32 33 34. హెక్స్‌డంప్ మాత్రం 3231 3433 అంటుంది. హైఫన్, పెద్ద సి (-C) జోడించి నడిపితే 31 32 33 34 అని ఉన్నదున్నట్టుగా, పక్కన అక్షరాలతో సహా వస్తుంది. అసలు డిఫాల్ట్‌గా ఇదే ఉండాల్సింది.

ఈ తారుమారు చూసి ఫైల్ పాడైందని టెన్షన్ పడి మళ్లీ డౌన్‌లోడ్ చేసేవాళ్లున్నారు. మళ్లీ దించినా అదే కనిపిస్తుంది.