పాత క్యాసెట్టు, కొత్త టీవీ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: అయ్యా, మా పెళ్ళి 1994లో అంబాజీపేటలో జరిగింది. ఆ వీడియో క్యాసెట్టులో ఇప్పుడు మా మధ్య లేని అత్తమామలు, 1996 నవంబరు తుఫానుకు కూలిపోయిన మా పెంకుటిల్లు ఉన్నాయి. అటక మీద నుంచి క్యాసెట్టు ఆడించే వీసీఆర్ దింపాము గానీ, కొత్త టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు పెట్టే చోటే లేదు. మా అబ్బాయి ఆ పిన్నులను కొత్త టీవీలకు ఉండే హెచ్‌డీఎంఐ రంధ్రానికి మార్చే చిన్న పెట్టె తెప్పించి తగిలిస్తే తెర మీద ‘సిగ్నల్ లేదు’ అని వస్తోంది. వీసీఆర్ పాడైందా, పెట్టె పాడైందా?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: రెండూ బాగానే ఉండవచ్చు. అయితే ఆ సంగతి తేలేవరకు పెళ్ళి క్యాసెట్టును వీసీఆర్‌లో పెట్టవద్దని ముందుగా కోరుతున్నాను. పెట్టె పోతే మరొకటి తెప్పించుకోవచ్చు, ఆ రీలు మాత్రం ఒక్కటే.

మీరు రాసిన ‘సిగ్నల్ లేదు’ అన్న మాటలోనే కొంత జవాబు ఉంది. సరిగ్గా పనిచేస్తున్న పెట్టె, వీసీఆర్ నుంచి ఏమీ రాకపోయినా, సాధారణంగా టీవీకి ఒక నీలం తెరనో నల్ల తెరనో పంపుతూనే ఉంటుంది. అది కూడా రావడం లేదంటే లోపం వీసీఆర్ దాకా వెళ్ళలేదని, పెట్టెకూ టీవీకీ మధ్యనే ఎక్కడో ఆగిందని అనుకోవచ్చు. ఈ పెట్టెలు చూడడానికి ఒకేలా ఉండే రెండు రకాలు: ఒకటి పాత పిన్నుల నుంచి హెచ్‌డీఎంఐకి మారుస్తుంది, రెండవది హెచ్‌డీఎంఐ నుంచి పాత పిన్నులకు మారుస్తుంది. మీకు కావలసినది మొదటిది. మూడు రంగుల రంధ్రాల వైపు ‘ఇన్‌పుట్’ అనీ, హెచ్‌డీఎంఐ వైపు ‘అవుట్‌పుట్’ అనీ ఉందో లేదో చూడండి. తిరగబడి ఉంటే మార్పించుకోవడం తప్ప దారి లేదు. పెట్టె సరైనదే అయితే దానికి 5 వోల్టుల కరెంటు అందుతోందా, టీవీ రిమోట్‌లో ఆ హెచ్‌డీఎంఐనే ఎంచుకున్నారా అని చూడండి. టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు చాలనప్పుడు ఫోను చార్జరు వాడితే సరిపోతుంది.

వీసీఆర్‌లో పిన్నులు ‘అవుట్’ అని రాసి ఉన్న వైపే పెట్టాలి. పసుపు బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. పాత వీసీఆర్‌లలో చాలావాటికి శబ్దం రంధ్రం ఒక్కటే ఉంటుంది, దానికి తెలుపు చాలు. క్యాసెట్టు లేకుండానే రిమోట్‌తో వీసీఆర్ మెనూ తెర మీదకు వస్తే వైర్లన్నీ సరిగ్గా ఉన్నట్టే.

టీవీ వెనుక ‘ఏవీ ఇన్’ అని రాసిన చిన్న గుండ్రటి రంధ్రం ఉందేమో కూడా చూడండి. దానికి ఒక కొసన మూడు నల్ల గీతలున్న జాక్, రెండవ కొసన మూడు రంగుల పిన్నులు ఉన్న వైరు సరిపోతుంది, పెట్టెతో పనే ఉండదు. అన్ని కంపెనీల వైర్లలో లోపలి అమరిక ఒకేలా ఉండదు కనుక టీవీతో ఇచ్చిన వైరు ఉంటే అదే వాడండి.

ఇక క్యాసెట్టు సంగతి. కాలువలు, వరిచేల మధ్య ఉండే మన ఊళ్ళలో గాలిలో చెమ్మ తగ్గదు. వానాకాలమైతే బీరువాలోని పట్టుచీరకే బూజు పడుతుంది, రీలుకు పట్టదా? క్యాసెట్టుకే ఉండే చిన్న అద్దంలాంటి కిటికీలోంచి రీలును వెలుతురులో చూడండి. రీలు చుట్ట అంచున తెల్లటి పొడి గానీ, సాలెగూడు వంటి మచ్చలు గానీ కనిపిస్తే దాన్ని ఆడించవద్దు. ఆ బూజు వీసీఆర్‌లో రీలును చదివే హెడ్డుకు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. అటువంటి రీలును శుభ్రం చేయడం తెలిసినవారికే అప్పగించాలి. రీలు శుభ్రంగా ఉన్నా, ఏళ్ళ తరబడి కదలని వీసీఆర్‌లో బెల్టులు సాగిపోయి, గ్రీజు గట్టిపడి ఉంటుంది కాబట్టి, పోయినా బాధ లేని క్యాసెట్టును ముందుగా ఒక గంట ఆడించండి. అది రీలును నమలకుండా బయటికి ఇస్తేనే పెళ్ళి క్యాసెట్టును పెట్టండి. పొరపాటున దానిపై రికార్డు కాకుండా, వెన్ను మీద ఉండే చిన్న ప్లాస్టిక్ రేకును ముందే విరిచివేయండి.

నా గట్టి సలహా ఏమిటంటే, మొదటిసారి ఆడించేటప్పుడే దాన్ని కంప్యూటరులోకి ఎక్కించండి. మూడు రంగుల పిన్నులను యూఎస్‌బీకి కలిపే క్యాప్చర్ పరికరం దొరుకుతుంది; 3 గంటల క్యాసెట్టుకు 3 గంటలే పడుతుంది, గంటకు సుమారు 2 నుంచి 4 జీబీ చోటు కావాలి. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలో ఆ పని ఆపివేసింది. ఈ వీసీఆర్ పోతే మరమ్మతు అయిన పాతదాన్ని వెతుక్కోవలసిందే.

బొమ్మ కొంత మసకగా ఉంటుంది, అది క్యాసెట్టు స్వభావం. టీవీ మెనూలో బొమ్మ ఆకారాన్ని పాత టీవీల 4:3కి మార్చండి. లేకపోతే మీ అత్తగారి ముఖం అడ్డంగా సాగి కనిపిస్తుంది.

ప్రశ్న: మా అన్నయ్య 1998లో అమెరికా నుంచి పంపిన క్యాసెట్టు మా వీసీఆర్‌లో బొమ్మ దొర్లుతూ, రంగు లేకుండా వస్తోంది. క్యాసెట్టు పాడైపోయిందా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: పాడై ఉండకపోవచ్చు. అమెరికాలో వాడిన ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతిలో బొమ్మకు 525 గీతలు, సెకనుకు సుమారు 30 బొమ్మలు. మన పాల్ పద్ధతిలో 625 గీతలు, 25 బొమ్మలు. ఈ తేడా వల్లనే మన వీసీఆర్‌లో బొమ్మ అలా వస్తూ ఉండవచ్చు. రెండు పద్ధతులనూ ఆడించే వీసీఆర్ అరువు తెచ్చుకోండి. హెచ్‌డీఎంఐకి మార్చే పెట్టె వాడుతూ, దాని మీద పాల్, ఎన్‌టీఎస్‌సీ అని మీట ఉంటే దాన్నీ మార్చి చూడండి.