‘మార్చుకుంది’ అన్న మాట దగ్గర కాస్త ఆగు

ప్రియమైన చెల్లికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. జీవపరిణామం గురించి తెలుగులో రాయాలని నీ అంతట నువ్వే పూనుకున్నందుకు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. నీ వాక్యానికి చదివించే గుణం ఉంది. అందుకే మొహమాటం లేకుండా, పెన్సిల్ ఎక్కడ ఆగిందో చెబుతున్నాను.

‘మంచులో కనబడకుండా ఉండేందుకు ధ్రువపు ఎలుగుబంటి తన బొచ్చును తెల్లగా మార్చుకుంది’ అని రాశావు. ‘మార్చుకుంది’ కింద గీత గీశాను. వ్యాసం చివరికి వచ్చేసరికి అలాంటి గీతలు పదకొండు తేలాయి. పెంచుకుంది, అలవరచుకుంది, వదిలించుకుంది, సమకూర్చుకుంది...

ఈ మాటల చివర ‘-కుంది’గా కనబడే ‘కొను’ మన భాషలో చాలా బలమైనది. ‘వండింది’ అంటే ఎవరికోసమైనా కావచ్చు, ‘వండుకుంది’ అంటే తనకోసమే. అది వచ్చి చేరగానే కర్తకు ఒక అవసరం, ఒక ఉద్దేశం అంటుకుంటాయి. మనుషుల కథలు రాసేటప్పుడు అది వరం. పరిణామం గురించి రాసేటప్పుడు మాత్రం అదే మాట అసలు విషయాన్ని తలకిందులు చేస్తుంది. ప్రకృతి వరణం అన్న డార్విన్, వాలెస్‌ల ఆలోచన 1858లో లోకం ముందుకు వచ్చింది. దానికి గుండెకాయ లాంటి సంగతి ఒకటుంది. ఒకే జాతి జీవులు కూడా పుట్టుకతోనే ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి. వాటిలో కొన్ని ఎక్కువ పిల్లల్ని మిగిల్చిపోతాయి, కొన్ని తక్కువ, కొన్ని అసలేమీ మిగల్చవు. ఆ తేడా పిల్లలకు సంక్రమించేదైతే, తరాలు గడిచేకొద్దీ గుంపు రూపు మారుతుంది. మారేది గుంపు, జీవి కాదు.

అలాగని ‘కొను’ని నిషేధించమని కాదు. ఊసరవెల్లి రంగు మార్చుకుంటుంది అని హాయిగా రాయి, అది నిజం. తన చర్మంలో, తన జీవితకాలంలోనే ఆ పని చేస్తుంది. ఎలుగుబంటి సంగతి వేరు. ఏ ఎలుగుబంటీ గోధుమరంగుతో పుట్టి తెల్లగా చనిపోలేదు.

ఈ తేడా నాకు ఒక ఉత్తరం వల్ల తెలిసొచ్చింది. రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో జిరాఫీ మీద ఒక వ్యాసం రాశాను. ఎత్తయిన కొమ్మల ఆకుల కోసం జిరాఫీలు మెడ సాచి సాచి దాన్ని పొడవు చేసుకున్నాయని ధీమాగా రాసేశాను. నెల తిరక్కుండానే ఒక స్కూలు పిల్లాడి నుంచి ఉత్తరం వచ్చింది. ‘మా నాన్న రోజూ బరువులు మోస్తాడు. ఆయన చేతులు చాలా గట్టిగా ఉంటాయి. మరి నాకు అలాంటి చేతులు ఎందుకు రాలేదు?’ అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న ముందు నా వ్యాసం నిలబడలేదు. ఒక జీవి బతికుండగా సంపాదించిన కండ గానీ, సాగదీసిన మెడ గానీ దాని పిల్లలకు రాదు. సంక్రమించేవి జన్యువులు. వాటిలో మార్పులు జీవి కోరికతో సంబంధం లేకుండా వస్తాయి. ఆ పిల్లాడికి తప్పు ఒప్పుకుంటూ జవాబు రాశాను. అప్పటినుంచి ఈ విషయం మీద ఏది రాసినా ఆ ప్రశ్న పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

దగ్గరగా చూడాలంటే పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిని చూడు. జీవశాస్త్రవేత్తలు పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఏటేటా అక్కడికి వెళ్లి ఫించ్ పిట్టల్ని పట్టి, కాళ్లకు రింగులు తొడిగి, ముక్కు ఎంత లోతుందో, అంటే పైనుంచి కిందికి ఎంత మందముందో, కొలిచి వదిలేవారు. దాదాపు ప్రతి పిట్టా వాళ్లకు తెలుసు. 1977లో అక్కడ వాన మొహం చాటేసింది. చిన్న మెత్తటి గింజల్ని పిట్టలు ముందే తినేశాయి. ఆ తర్వాత మిగిలినవాటిలో ముఖ్యమైనది పల్లేరు జాతి మొక్క కాయ. పల్లేరు ముల్లు గుచ్చుకున్నవాళ్లకు దాని గట్టిదనం చెప్పక్కర్లేదు. లోతైన ముక్కున్న పిట్ట ఆ కాయను పగలగొట్టి లోపలి గింజ తినగలిగింది. చిన్న ముక్కు పిట్టకు అది సాధ్యం కాలేదు. వాళ్లు కొలుస్తున్న ఆ జాతి ఫించ్‌ల్లో దాదాపు 85 శాతం ఆ కరువులో పోయాయి. బతికి బయటపడ్డవాటి ముక్కు సగటు లోతు, కరువుకు ముందరి సగటు కంటే సుమారు అర మిల్లీమీటరు ఎక్కువ. వాటికి పుట్టిన పిల్లల ముక్కులు కూడా అలాగే పెద్దగా వచ్చాయి.

ఇప్పుడు ‘కరువును తట్టుకునేందుకు ఫించ్‌లు ముక్కు పెంచుకున్నాయి’ అన్న వాక్యం పైకి చదివి చూడు. ఎంత సాఫీగా ఉందో! కానీ ఏ ఒక్క పిట్ట ముక్కూ వెంట్రుకవాసి కూడా పెరగలేదు. నూటికి ఎనభై అయిదు పిట్టలు చచ్చిపోయాయి, అంతే. ఆ చావులన్నిటినీ ‘పెంచుకున్నాయి’ అన్న ఒక్క మాట కప్పేసింది. నాకు ఈ మాట మీద ఉన్న అసలు కోపం ఇదే. ప్రకృతి వరణం అంటే చాలావరకు ఎవరు మిగల్లేదు అన్న లెక్క. ఆ లెక్క వాక్యంలో కనబడాలి.

కథ అక్కడితో అయిపోలేదు. 1983లో విపరీతమైన వానలు కురిశాయి, దీవి నిండా చిన్న గింజలే. ఆ తర్వాతి రెండేళ్లలో గాలి అటు నుంచి ఇటు తిరిగింది, ఈసారి చిన్న ముక్కు పిట్టలదే పైచేయి అయింది. పరిణామానికి ఒక గమ్యం ఉందని, మెట్లు ఎక్కుతూ పోతుందని నువ్వు రెండో పేజీలో రాసినదానికి ఈ పిట్టలే జవాబు.

ఇక యాంటీబయాటిక్స్ గురించి. ‘బ్యాక్టీరియా మందులకు అలవాటు పడిపోయింది’ అని రాశావు. పేపర్లలో, టీవీల్లో అందరూ అనే మాటే, కాబట్టి నిన్ను తప్పుపట్టను. కానీ దీనివల్ల జరిగే నష్టం పెద్దది. అలవాటు పడింది అనగానే, మందు వచ్చాక బ్యాక్టీరియా నేర్చుకుందన్న అర్థం వస్తుంది. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ సందేహాన్నే పరీక్షకు పెట్టారు, మందుతో కాదు, బ్యాక్టీరియాను చంపే వైరస్‌తో. చాలా గొట్టాల్లో బ్యాక్టీరియాను విడివిడిగా పెంచి, తర్వాత ఒక్కో గొట్టంలోని దాన్ని వైరస్ పూసిన పళ్లెంలో వేశారు. వైరస్ తగిలాకే తట్టుకునే శక్తి వచ్చేటట్లయితే, అన్ని పళ్లేల్లోనూ దాదాపు సమానంగా బతకాలి. అలా జరగలేదు. చాలా పళ్లేల్లో ఒక్కటీ మిగల్లేదు, ఏదో ఒక పళ్లెంలో మాత్రం వందకు పైగా బ్యాక్టీరియా గుంపులు లేచాయి. అంటే ఆ గొట్టంలో వైరస్‌ను చూడకముందే, ఎన్నో తరాల ముందే, ఒక బ్యాక్టీరియాలో యాదృచ్ఛికంగా ఆ మార్పు వచ్చింది, దాని సంతానమంతా దాన్ని మోసుకొచ్చింది. మందు విషయంలోనూ ఇంతే. మందు మార్పును పుట్టించదు, తట్టుకోలేనివాటిని తుడిచిపెట్టి, తట్టుకోగలిగినవాటికి చోటు ఖాళీ చేస్తుంది. పాఠకుడికి ఇది అర్థమైతే, అవసరం లేని జ్వరానికి యాంటీబయాటిక్ మింగే ముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. మన వాక్యానికి అంత పని ఉంది చెల్లీ.

‘బలవంతుడిదే రాజ్యం’ అన్న ఉపశీర్షిక తీసెయ్. దానికి మూలమైన ఇంగ్లీషు మాట ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’ డార్విన్‌ది కాదు, హెర్బర్ట్ స్పెన్సర్ అనే తత్వవేత్త 1864లో వాడాడు, డార్విన్ తర్వాత తీసుకున్నాడు. అందులో ఉన్నది బలం కాదు, పొందిక. మొజాంబిక్‌లో గొరొంగోసా అడవిని గుర్తు చేసుకో. 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో దంతాల కోసం అక్కడి ఏనుగుల్లో పదింట తొమ్మిది వంతుల్ని చంపేశారు. యుద్ధానికి ముందు దంతాలు లేని ఆడ ఏనుగులు అయిదింట ఒక వంతు కూడా లేవు, తర్వాత దాదాపు సగం అయ్యాయి. అంత బలమైన దంతమే మృత్యువైన చోట, బోసి నోరే బతికించింది.

కొత్త జాతులు ఎలా పుడతాయన్నది ఒక్క పేరాలో తేల్చేశావు. దాన్ని ఇంకో వ్యాసంగా రాయి, అంత విషయం ఉంది. మళ్లీ డాఫ్నీకే వెళ్లు. 1981లో వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని ఎస్పన్యోలా దీవి నుంచి ఒక పెద్ద మగ ఫించ్ అక్కడికి ఎగిరొచ్చింది. దాని పాట వేరు, ముక్కు తీరు వేరు. అది అక్కడి పిట్టతో జతకట్టింది. కొద్ది తరాల్లోనే దాని సంతతి తమలో తాము మాత్రమే జతకడుతూ వేరే వంశంగా నిలబడింది. జాతుల మధ్య గోడ అంటే ఒక్కోసారి ఒక పాటంత పలచగా మొదలవుతుంది.

ప్రతి అవయవానికీ ఒక ప్రయోజనం వెతకకు. కొన్ని మార్పులు కేవలం అదృష్టం కొద్దీ నిలుస్తాయి, ముఖ్యంగా చిన్న గుంపుల్లో. కొన్ని పూర్వీకుల నుంచి వచ్చిన పాత సొమ్ములు. నా జిరాఫీనే చూడు. దాని గొంతుకు వెళ్లే ఒక నరం మెదడు దగ్గర బయల్దేరి, నేరుగా గొంతుకు పోకుండా, మెడంతా కిందికి దిగి, గుండె దగ్గరి పెద్ద ధమనిని చుట్టి, మళ్లీ పైకి ఎక్కుతుంది. మెడ లేని చేపల్లాంటి పూర్వీకుల్లో అది దగ్గరి దారే. తరతరాలుగా మెడ పొడవవుతూ వచ్చింది, నరం ఆ ధమనికి చిక్కుకునే ఉండిపోయింది. మొదటి వ్యాసంలోనే దీన్ని రాసి ఉంటే ఎంత బావుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు ఎలుగుబంటి పేరా తిరగరాసి పంపు. తెల్ల బొచ్చు కింద దాని చర్మం నల్లగా ఉంటుందన్నది కూడా చేర్చు, చదివేవాళ్లకు బావుంటుంది. కానీ ఈసారి ఆ పేరాలో, మంచు మీద తాము వేటాడబోయిన సీల్ కంట పడిపోయి ఆకలితో వెనుదిరిగిన ముదురు రంగు ఎలుగుబంట్లు కూడా నాకు కనబడాలి.

ప్రేమతో,
అక్క