సముద్రం కనిపించే ఇంటికి అసలు అద్దె ఎంత?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. మార్చి సెలవుల్లో ఇద్దరు పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలతో మెక్సికోలోని ప్యూర్టో వల్లార్టాలో ఏడు రాత్రులు గడపాలని ఉంది. విమాన టికెట్లు కాక 4,000 డాలర్లు పక్కన పెట్టాం. నువేవో వల్లార్టాలో తిండి, తాగుడు కలిపిన రిసార్టుకు రోజుకు 640 డాలర్లు, మరీనాలో అపార్ట్‌మెంటుకు 310, సింకో దె దిసియెంబ్రెలో ఇంటికి 240, అమాపాస్ కొండ మీద సముద్రం కనిపించే ఇంటికి 220 చెబుతున్నారు. మేము శాకాహారులం, మద్యం ముట్టం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. 220 డాలర్ల ఇల్లే తీసుకుందామని మా ఆవిడ అంటోంది.

జవాబు: రిసార్టు సంగతి ముందు తేల్చేద్దాం. ఏడు రోజులకు 4,480 డాలర్లు. ఊళ్లో అడుగు పెట్టకముందే బడ్జెట్ 480 దాటిపోయింది. ఆ ధరలో మద్యానికీ మాంసాహారానికీ వాటా ఉంటుంది. రాత్రి పెరుగన్నం ఉంటే చాలనుకునే అమ్మగారి తరఫున కూడా మీరు ఆ వాటా కట్టాలి. పైగా నువేవో వల్లార్టా అసలు ఊళ్లో భాగం కాదు. అమెకా నది దాటాక నయారిట్ రాష్ట్రంలో ఉంటుంది. ఊరు చూడాలంటే ప్రతిసారీ టాక్సీ ఖర్చే.

ఇక కొండ ఇల్లు. అద్దె 1,540 డాలర్లు, సింకో దె దిసియెంబ్రెలో 1,680. కొండ మీదే 140 మిగులుతుందని మీ ఆవిడ లెక్క. కూడిక సరైనదే, కానీ అందులో ఒక పద్దు తప్పిపోయింది. మీరు ఆరుగురు. మామూలు టాక్సీలో నలుగురే పడతారు కాబట్టి ఎప్పుడు బయలుదేరినా రెండు కార్లు కావాలి. కారుకు ఆరు డాలర్లు అనుకుందాం. ఉదయం బీచికి, సాయంత్రం బజారుకు వెళ్లి రావడమంటే రోజుకు నాలుగు ప్రయాణాలు, 48 డాలర్లు. వారానికి 336. మొత్తం 1,876 అయింది. కింద సింకో దె దిసియెంబ్రెలో ఉంటే బీచికి నడిచే వెళతారు, రోజుకు ఒక్కసారి కార్లలో వెళ్లి వస్తే చాలు. అక్కడి అద్దె 1,680కి ఆ కార్ల ఖర్చు 168 కలిపితే 1,848. చవక అనుకున్న కొండ ఇల్లే 28 డాలర్లు ఎక్కువ తేలింది.

28 డాలర్ల కోసం నేను ఎవరితోనూ వాదించను. మోకాళ్ల కోసం వాదిస్తాను. కొన్నేళ్ల కిందట మా మామగారిని తీసుకుని అదే ఊళ్లో ఒక కొండ ఇంట్లో దిగాం. ప్రకటనలో 'కొద్దిపాటి ఎక్కుడు' అని రాశారు. వీధి నుంచి తలుపు దాకా నేను లెక్కపెట్టిన మెట్లు 94. రెండు రోజులు ఆయన మౌనంగా ఎక్కి దిగారు. మూడో రోజు ఉదయం బాల్కనీలో కుర్చీ వేసుకుని, "మీరు వెళ్లి రండి, నేను ఇక్కడి నుంచే చూస్తాను" అన్నారు. సముద్రం కనిపించే ఇల్లు కదా, చూస్తూనే ఉండిపోయారు.

సింకో దె దిసియెంబ్రె అంటే డిసెంబరు 5. తేదీని పేరుగా పెట్టుకున్న ఈ పేట ఊరి నడిబొడ్డుకు ఉత్తరాన, కమరోనెస్ బీచిని ఆనుకుని ఉంటుంది. కార్లు తిరగని సముద్రపు ఒడ్డు నడకదారి మలెకోన్ దగ్గరలోనే మొదలవుతుంది. నాన్నగారు సాయంత్రం అటు నడిచి, అలసిపోతే బెంచీ మీద కూర్చోవచ్చు. ఒక్క జాగ్రత్త: ఈ పేటలో కూడా సముద్రానికి దూరమయ్యే కొద్దీ వీధులు నిటారుగా ఎక్కుతాయి. ఒడ్డు నుంచి రెండు మూడు వీధుల్లోపు ఇల్లే చూడండి. అది దొరక్కపోతే చదునుగా ఉండే వెర్సాయెస్ పేట మంచిదే. అక్కడ బీచి లేదు గాని భోజనశాలలకు లోటు లేదు. మరీనా కూడా చదునే, విమానాశ్రయం పక్కనే. కానీ అద్దెకే 2,170 పోతుంది. జోనా రొమాంటికా అనే పేట అందంగానే ఉంటుంది, కానీ రాత్రి చాలాసేపు సంగీతం ఆగదు. పిల్లలతో నేనైతే వద్దంటాను.

బీచి కోసం హోటల్‌కు డబ్బు పోయనక్కర్లేదు. మెక్సికోలో బీచిలన్నీ చట్టప్రకారం ప్రజలవే. గొడుగు కింద కుర్చీ కావాలంటే మాత్రం ఇంత తినాలి, తాగాలి అనే కనీస బిల్లు ఉంటుంది. కూర్చోకముందే అడగండి.

ఇంట్లో వంటిల్లు ఉండటం మీకు పెద్ద ఆదా. బయట బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి రసం కలవడం అక్కడ మామూలే. "సిన్ మంతేకా, సిన్ కాల్దో దె పోయో" (కొవ్వు వద్దు, కోడి రసం వద్దు) అని స్పానిష్‌లో చెప్పడం నేర్చుకోండి. ఒక పూట బయట, మిగతా ఇంట్లో అనుకుని తిండికి రోజుకు 90 డాలర్లు పెట్టండి, వారానికి 630. అద్దె, టాక్సీలు కలిపి 2,478. ఇంకా 1,522 చేతిలో ఉంటుంది. అందులో 500 ముట్టుకోకుండా ఉంచి, మిగతాది పడవ షికార్లకు వాడుకోండి. మార్చిలో తిమింగలాలు ఇంకా కనిపిస్తాయి. కార్డు గీసినప్పుడు డాలర్లా, పెసోలా అని అడిగితే పెసోలే అనండి. డాలర్లంటే మారకపు రేటు వాళ్లు చెప్పిందే.

అమ్మానాన్నల అమెరికా వీసా గడువులో ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్ మెక్సికోలో పనిచేస్తుందో లేదో ఫోను చేసి కనుక్కోండి. ఆ ప్రాంతం గురించి అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే హెచ్చరికలు కూడా చదవండి. రద్దు చేస్తే డబ్బు తిరిగొచ్చే బుకింగ్ అయితేనే కట్టండి.

విమానాశ్రయంలో బయటికి వచ్చే దారిలో టాక్సీ ఉచితం, పడవ షికారు సగం ధరకే అంటూ నవ్వుతూ పిలుస్తారు. అది టైమ్‌షేర్ అమ్మకం, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్టులో ఉండే హక్కును అంటగట్టడం. ఆగకుండా నడవండి. పొరపాటున సంతకం పెట్టినా, అయిదు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు మెక్సికో చట్టం ఇచ్చింది.

డబ్బు కట్టేముందు ఇంటి యజమానికి ఒక్క సందేశం పెట్టండి: వీధి నుంచి మంచం దాకా మెట్లెన్ని, లిఫ్టు ఉందా, శుభ్రం చేసే రుసుముతో కలిపి మొత్తం ఎంత? మెట్ల సంఖ్య చెప్పకుండా "ఎక్కువేమీ లేవు" అని జవాబొస్తే ఇంకో ఇల్లు చూసుకోండి.