మందు కొట్టేముందు మడవ కట్టెయ్

చిరంజీవికి పెదనాన్న దీవెనలు.

ఈ సార్వా వరి చేనంతా నువ్వే చూసుకుంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. చేను పొట్టకొచ్చే వేళకి పాముపొడ తెగులు కనిపించిందనీ, ఎల్లుండి మందు కొట్టిస్తున్నావనీ కూడా అన్నాడు. కొట్టు, వద్దనను. కానీ మన చేను చివర మురుగు కాలువ ఉంది కాబట్టి ఇది చదివాక కొట్టు.

కాలేజీలో జువాలజీ చెప్పిన రోజుల్లో పిల్లల్ని మారేడుమిల్లి అడవికి తీసుకెళ్లేవాణ్ణి. అక్కడ వాగు మీద చెట్లు కమ్ముకుని ఉంటాయి. ఎండ పడదు, నీళ్లలో పాచి పెద్దగా పెరగదు. మరి అందులో పురుగూ పుట్రా ఏం తిని బతుకుతాయి? రాలిన ఆకు. అయితే రాలిన ఆకు రాలినట్టే అయితే వాటికి అట్టముక్కతో సమానం. ముందు దానికి నీటి బూజు పట్టాలి. ఆ బూజు ఆకును మెత్తబరిచి, దానికి పోషకాలు చేర్చాకే పురుగులు ముట్టుకుంటాయి. చివరికి ఈనెలు మాత్రం మిగిలి, ఆకు జల్లెడలా అవుతుంది. వాగు రాళ్ల మీద నుంచి దూకేచోట నురగ చుక్క ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెడితే ఆ బూజు బీజాలు కనపడేవి. కొన్నిటికి నాలుగు చేతులుంటాయి, నీళ్లలో కొట్టుకుపోతూ ఏదో ఒక చేత్తో ఆకును పట్టుకోవడానికి. ఇంగోల్డ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1942లోనే వీటి గురించి వివరంగా రాశాడు. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరేది కాదు.

నువ్వు తెచ్చిన హెక్సాకొనజోల్ అనే తెగులు మందు శిలీంధ్రాల కణాల పొర సరిగ్గా తయారు కాకుండా అడ్డుకుంటుంది. పాముపొడా శిలీంధ్రమే, ఆ నీటి బూజూ శిలీంధ్రమే. మందుకి తేడా ఏం తెలుస్తుంది? యూరప్‌లో ద్రాక్ష తోటల పక్క వాగుల్లో తెగులు మందులు చేరినచోట ఆకు కుళ్లడం నెమ్మదించిందని తేల్చారు. పైకి తెలియని నష్టం ఇంకొకటి ఉంది. సున్నితమైన బూజులు పోయి మొండివి మిగిలితే ఆకు కుళ్లుతున్నట్టే ఉంటుంది గానీ, దాన్ని తినే చిన్న రొయ్యజాతి ప్రాణులకి రుచించదు.

మనది అడవి వాగు కాదుగా అంటావేమో. గట్టు మీద కానుగ ఆకు రాలేదీ, గుర్రపుడెక్క కుళ్లేదీ ఈ కాలువలోనే. ఆ పని ఇక్కడ కూడా బూజూ, బాక్టీరియానే చెయ్యాలి.

కాబట్టి ముందు చేలోకి దిగి దుబ్బుల మొదళ్లు చూడు. పాముపొడ సాధారణంగా గట్టు వారనే మొదలవుతుంది. అక్కడే ఉంటే అంతవరకే కొట్టించు. చేలో నీళ్లు తియ్యాలనుకుంటే మందుకి ముందే తీసెయ్, కొట్టాక మాత్రం వదలకు. చేలో నీళ్లు కాలువలోకి పోయే మడవ గట్టిగా కట్టి నాలుగైదు రోజులు అలాగే ఉంచు. మబ్బు పట్టి ఉంటే ఆ రోజుకి ఆపెయ్, కూలి డబ్బులు పోయినా సరే. గాలి కాలువ వైపు వీస్తుంటే కూడా అంతే. లీటరుకి 2 మిల్లీలీటర్లు చాలు. ఇంకో రెండు మందులు కలిపి కొట్టమని షాపులో చెబితే వినకు. వచ్చే పంటకి యూరియా తగ్గించు, తెగులు సగం దాంతోనే పెరుగుతోంది.

స్ప్రేయర్ మాత్రం కాలువలో కడగనివ్వకు. నేను ఏళ్ల తరబడి రేవు మెట్ల మీదే కడిగాను. పాఠం చెప్పేవాణ్ణయ్యుండి ఆ పని చేశానే అని ఇప్పటికీ బాధ. కడిగిన నీళ్లు కూడా చేలోనే కొట్టించెయ్. కొబ్బరికి మొవ్వుకుళ్లు వస్తే వాడే బోర్డో మిశ్రమం విషయంలో ఇంకా జాగ్రత్త, అందులో ఉండే రాగి విరిగిపోయేది కాదు, బురదలో ఉండిపోతుంది.

ఇంకొక్క పని చెయ్. ఎండిన కానుగాకులు పదేసి చొప్పున రెండు నైలాన్ వల సంచుల్లో వేసి, మన మడవకి ఎగువన ఒకటి, దిగువన ఒకటి కాలువలో కర్రకి కట్టు. మందు కొట్టకముందే కట్టాలి. నెల తిరిగేసరికి నేను వస్తాను, రెండూ పైకి తీసి పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ పెదనాన్న